సంతకం ఆమెదే

ప్రశ్న: మాది శృంగవరపుకోట. మా ఆవిడకు నలభై రెండేళ్లు. రొమ్ములో గడ్డ కనిపిస్తే విశాఖలో ముక్క తీసి పరీక్ష చేశారు. కేన్సర్, తొలి దశ అని నాతో చెప్పారు. రొమ్ము మొత్తం తీయించాలా, గడ్డ వరకే తీయించి కరెంటు పెట్టించాలా తేల్చుకోమన్నారు. “కోడలికి చెప్పకురా, బెంగెట్టుకుంటాది. నువ్వే సంతకం పెట్టీసి మొత్తం తీయించీ” అంటున్నారు మా నాన్న. భర్తగా నా సంతకం చెల్లుతుందా?

జవాబు: చెల్లదు. మేజరై, స్పృహలో ఉండి, మంచిచెడ్డలు ఆలోచించుకోగల మనిషి ఒంటికి ఆపరేషన్ చేయాలంటే అనుమతి ఆ మనిషే ఇవ్వాలి. కాగితంలో భర్త సంతకానికీ చోటు ఉండవచ్చు. అది సాక్షి సంతకమే తప్ప ఆమె సంతకానికి బదులు కాదు.

సుప్రీంకోర్టు 2008 జనవరి 16న సమీరా కోహ్లీ కేసులో ఈ సంగతి తేల్చింది. 1995లో ఢిల్లీలో ఒక మహిళ పరీక్ష కోసం ఆసుపత్రిలో చేరింది. ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. డాక్టరు మంచికే చేసి ఉండవచ్చు, కానీ ప్రాణాపాయం లేనప్పుడు తల్లి అనుమతి చాలదని కోర్టు చెప్పింది. ఫీజు కోరే హక్కు డాక్టరుకు లేదంటూ, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. పరీక్షకు ఒప్పుకున్నంత మాత్రాన చికిత్సకు ఒప్పుకున్నట్టు కాదనీ తేల్చింది. కాబట్టి గడ్డ ముక్క తీయడానికి మీ ఆవిడ పెట్టిన సంతకం రొమ్ము తీయడానికి పనికిరాదు.

అనుమతి చెల్లాలంటే ముందు విషయం తెలియాలి. ఏ ఆపరేషన్, ఎందుకు, ప్రమాదాలేమిటి, వేరే దారి ఉందా, వద్దంటే ఏమవుతుంది అన్నవన్నీ డాక్టరు ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. జబ్బు పేరే దాచి తీసుకున్న సంతకం అనుమతి కాదు.

ఇక్కడ వేరే దారి నిజంగానే ఉంది. తొలి దశలో రొమ్ము మొత్తం తీసినా, గడ్డ వరకు తీసి రేడియేషన్ (మీరన్న కరెంటు) ఇచ్చినా ఆయుష్షులో తేడా లేదని 2002లో వెలువడిన ఇరవై ఏళ్ల పరిశీలనలు చూపాయి. అయితే రేడియేషన్ కోసం కొన్ని వారాలపాటు, వారానికి ఐదు రోజులు విశాఖ వెళ్లాలి. రొమ్ము ఉంచుకోవడానికి అంత తిరగగలనా, తీయించుకుంటే మనసు నిలబెట్టుకోగలనా అన్నది ఆమె తూచుకోవాల్సిన లెక్క. “ఆయన ఎలాగంటే అలాగే” అని ఆమె అన్నా సరే, అన్నీ విన్న తర్వాతే అననివ్వండి.

మరి మీరు చేయాల్సింది? తర్వాతిసారి ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు ముందు కూర్చోండి. ఆమె అడగలేని ప్రశ్న మీరు అడగండి, ఆమె మరిచిపోయే జవాబు మీరు రాసుకోండి. రిపోర్టుల నకళ్ల కోసం ఆమె చేత అర్జీ పెట్టించండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. అవి పట్టుకుని మరో డాక్టరును అడగడం కూడా ఆమె హక్కే. అందుకు విశాఖ అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. ఇదివరకటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స అందుతుందేమో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను గానీ, 104కు ఫోన్ చేసి గానీ అడగండి. చికిత్సకు రైల్లో వెళ్లే కేన్సర్ రోగికీ, తోడుగా వెళ్లే ఒకరికీ ఛార్జీలో రాయితీ ఉంది. దానికి ఆసుపత్రి ధ్రువపత్రం కావాలి.

ఆమె అనుమతి లేకుండా ఆపరేషన్ జరిగితే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. విజయనగరంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

మీ నాన్నగారిది ప్రేమే. కానీ తన ఒంటికి ఏం జరగబోతోందో ఇంట్లో అందరికీ తెలిసి ఆమెకొక్కదానికే తెలియకపోవడం అన్యాయం. ఈ రోజే ఆమెతో చెప్పండి. ఆమె ఏది నిర్ణయించుకున్నా, దాన్ని పెద్దల ముందు నిలబెట్టే బాధ్యత మీరు తీసుకోండి.