టమాటా తర్వాత, ముందు తోటకూర

ప్రశ్న: హైదరాబాద్‌లో ఫ్లాట్ మాది. తూర్పు బాల్కనీకి పొద్దున నాలుగు గంటలు ఎండ వస్తుంది. టమాటాతో మొదలుపెట్టనా?

జవాబు: వద్దండి. టమాటాకు ఆరు గంటల ఎండైనా ఉండాలి. మీ దగ్గర ఏపుగా పెరిగినా కాపు పలచగానే ఉంటుంది. ఆకుకూరలు వేయండి. తోటకూర నెలకల్లా కోతకొస్తుంది. మెంతికూర ఇంకా సులువు, పోపుల డబ్బాలోని మెంతులే రాత్రి నానబెట్టి చల్లండి. ఆరంగుళాల లోతు టబ్బు చాలు, అడుగున బెజ్జాలు తప్పనిసరి. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి వేయండి. ఉత్త మట్టయితే గట్టిపడుతుంది, బాల్కనీకీ బరువే. కొత్తవాళ్ల మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్లు చాలక కాదు, ఎక్కువై. మట్టిలో వేలు గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ పూటకి నీళ్లొద్దు. మెంతికి చలికాలం అనువు. ఎండలు ముదిరాక గ్రిల్లుకి తీగబచ్చలి పాకించండి.