బీప్ తర్వాత ఇరవై సెకన్లు

గోపన్‌పల్లిలో రాత్రి ఏడున్నరైతే న్యూయార్క్‌లో ఉదయం పది. నవంబరు మొదటి ఆదివారం దాటాక తొమ్మిదే. అమెరికా వాళ్లు గడియారాన్ని గంట వెనక్కి తిప్పేసుకుంటారు. విప్రో క్యాంపస్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఆ వేళకు హెడ్‌సెట్ తగిలించుకునే బెంచ్ సేల్స్ రిక్రూటర్లకు, సాఫ్ట్‌వేర్ సేవలు అమ్మేవాళ్లకు ఈ లెక్క కంఠతా వచ్చు. నీళ్లు నమిలేదల్లా అవతలివాళ్లు ఫోన్ ఎత్తక, బీప్ వినిపించినప్పుడే.

వాళ్లననీ లాభం లేదు. వాయిస్‌మెయిల్ మనకు అలవాటు లేని వ్యవహారం. మిస్డ్ కాల్ కనిపిస్తే మనమే తిరిగి చేస్తాం. అందుకే కొందరు బీప్ రాగానే పెట్టేస్తారు. ఇంకొందరు క్షేమసమాచారాలు అడిగి, కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు విప్పి, అసలు సంగతికి వచ్చేసరికి రికార్డింగ్ ఆగిపోతుంది.

వాయిస్‌మెయిల్లో ఏదీ అమ్ముడుపోదు. తిరిగి ఫోన్ వస్తే, లేదా మీ మెయిల్ తెరిస్తే అది పనిచేసినట్టే. అందుకు ఇరవై, ఇరవై అయిదు సెకన్లు చాలు. మీరెవరు, ఏ పని మీద, దాంతో వాళ్లకేం సంబంధం, ఏ నంబరుకు చేయాలి. రేటు, డిస్కౌంటు, అభ్యర్థి అనుభవం మెయిల్‌కు వదిలేయండి.

మొదటి వాక్యం మీద కాస్త శ్రద్ధ పెట్టండి. 2023లో ఐఓఎస్ 17తో ఐఫోన్‌లోకి లైవ్ వాయిస్‌మెయిల్ వచ్చింది. మీరు మాట్లాడుతుండగానే మీ మాటలు అవతలి తెరమీద అక్షరాలుగా కనిపిస్తాయి. అవసరమనిపిస్తే మధ్యలోనే ఫోన్ ఎత్తవచ్చు. అక్కడ “హోప్ యూ ఆర్ డూయింగ్ వెల్” కనిపిస్తే ఎవరు ఎత్తుతారు? “మీరు సోమవారం పంపిన జావా డెవలపర్ రిక్వైర్‌మెంట్ గురించి” అని మొదలుపెట్టండి. మర్యాద గొంతులో ఉంటే చాలు.

వెంకట సత్యనారాయణ అన్న పేరును ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. ఫోన్లో ‘సత్య’ చాలు, పూర్తి పేరు మెయిల్ కింద ఉంటుంది. దొంగ అమెరికన్ పేరు మాత్రం పెట్టుకోకండి. రేపు అవతలాయన ఫోన్ చేసి మైక్‌ను పిలవమంటే, మీ ఆఫీసులో మైక్ ఎవరో మీ పక్క సీటువాడికే తెలియదు.

నన్నడిగితే అసలు తంటా నంబరు దగ్గరే. మనం పదంకెలను అయిదూ అయిదుగా విడగొట్టి, “డబుల్ నైన్, ట్రిపుల్ ఫోర్” అని గడగడా చెప్పేస్తాం. అమెరికన్ చెవికి మూడు, మూడు, నాలుగు అలవాటు. ట్రిపుల్ అనగానే అక్కడ పెన్ను ఆగుతుంది. ఒక్కో అంకె విడిగా పలకండి, మూడింటికోసారి చిన్న విరామమివ్వండి. పేరు చెప్పాక ఒకసారి, చివర్లో మరోసారి. చెబుతున్నంతసేపూ ఆ అంకెలను మీరూ కాగితం మీద రాస్తూ ఉండండి. వేగం దానంతటదే తగ్గుతుంది.

“రేపు సాయంత్రం చేస్తాను” అనకండి. ఎవరి సాయంత్రం? “గురువారం, మీ టైమ్ ప్రకారం ఉదయం పదకొండుకు” అనండి. అన్నాక ఆ వేళకు చేయండి.

ఇక నల్లగండ్ల, తెల్లాపూర్‌లలో ఫ్లాట్లు అమ్మేవాళ్లకు ఈ బీప్ బాధ లేదు, వాట్సాప్ వాయిస్ నోట్ ఉంది. నిడివికి హద్దు లేకపోవడమే దాంతో వచ్చిన చిక్కు. మూడు నిమిషాల నోట్ చూస్తే ఎంత ఓపికున్నవాళ్లకైనా తర్వాత విందాంలే అనిపిస్తుంది. ఇలా చెప్పి చూడండి: “నమస్తే మేడం, ఆదివారం మీరు చూసిన త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ గురించి. మీరడిగిన పార్కింగ్ ప్లాన్ కిందే పెట్టాను. రెండో కారుకు చోటుంది, దాని రేటు వేరే. సార్‌తో మాట్లాడి చెప్పండి, రేపు పదకొండుకు ఫోన్ చేస్తాను.” ఆవిడ అడిగినదానికి జవాబు ఉంది, ఆవిడ చేయాల్సిన పనీ ఉంది. అడగనివాళ్లకు మాత్రం పంపకండి, బ్లాక్ చేయడం ఎంతసేపు?

ఇంతా చేశాక తిరుగు ఫోన్ వస్తుంది. ఆపాటికి మీరు ఇంకెంతమందికో మెసేజ్‌లు వదిలి ఉంటారు. అవతలివాళ్లు పేరు చెప్పగానే “విచ్ రిక్వైర్‌మెంట్, సర్?” అన్నారంటే పడ్డ కష్టమంతా గంగపాలే. అందుకే మెసేజ్ పెట్టిన వెంటనే షీట్‌లో ఒక వరుస రాసుకోండి: నంబరు, పేరు, ఏం చెప్పారు, ఎప్పుడు చేస్తానన్నారు. ఫోన్ మోగగానే ముందు ఆ వరుస వెతకండి, తర్వాతే హలో అనండి.