చిన్న కెమేరాకు తగిన ఫ్లాష్ దీపము

వెలుతురు చాలని గదిలో ఛాయాచిత్రము తీయుటకు ఫ్లాష్ దీపము కావలెను. ఫిలిము కెమేరాతో తీసిన చిత్రము చక్కగా వచ్చినదో లేదో ఫిలిము కడిగిన పిదపగాని తెలియదు. అప్పటికి తలంబ్రాల ఘడియ దాటిపోవును. అది మరల రాదు. కావున దీపమును ముందుగనే విచారించి యెన్నుకొనవలెను.

మొదట శక్తిని చూడుడు. ప్రతి దీపమునకును గైడ్ నంబరు అను సంఖ్య యుండును. దానిని కటకద్వారపు సంఖ్యచే భాగించిన, వెలుగు ఎన్ని మీటర్ల దూరము చాలునో తెలియును. 100 ఐ.ఎస్.ఓ. ఫిలిమునకు ఆ నంబరు 14 అనుకొందము. ద్వారసంఖ్య 3.5 అయిన 4 మీటర్లు, 5.6 అయిన 2.5 మీటర్లు వచ్చును. దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవ వంతే యగును. ఇంటిగదికి ఇట్టి చిన్న దీపమే చాలును. పెండ్లిపందిటిలో దూరమునుండి తీయువానికి చాలదు.

రెండవది పొందిక. 1966లో వెలువడిన జర్మనీ దేశపు రోలై 35 కెమేరాకు దీపము నమర్చు గాడి అడుగున కలదు. క్రిందనుండి వచ్చు వెలుగునకు నీడలు పైకి ప్రాకి ముఖము వికృతమగును. అందుచే కెమేరానే తలక్రిందులుగా పట్టుకొందురు. అట్టి చిన్న కెమేరాపై బరువైన దీపమును నిలిపిన చేయి నిలువదు.

మూడవది భద్రత. కొన్ని పాత దీపములు కెమేరాకు 200 వోల్టులకు మించిన విద్యుత్తును తగిలించును. యాంత్రికమైన కెమేరా సాధారణముగా దానిని సహించును. ఎలక్ట్రానిక్ కెమేరా చెడిపోవచ్చును.

బలమైన దీపముకన్న తగిన దీపము మేలు. కొనుటకు ముందు చేసిన ఒక చిన్న భాగహారము, పిదప తీరని విచారమును తప్పించును.