వృద్ధపరిచర్య – పంచుకొనవలసిన కైంకర్యము

పండరీపురమున భీమానదీ తీరమునందు పాండురంగ విఠలుడు ఇటుకపై నిలిచి, కటిపై కరములుంచి దర్శనమిచ్చుట యాత్రికులెల్లరు ఎరిగినదే. తల్లిదండ్రుల పాదసేవలో నిమగ్నుడైయున్న పుండరీకుడు, వాకిట వేంచేసిన స్వామికి ఒక ఇటుకను చూపి, సేవ ముగియువరకు దానిపై నిలువుమని వేడుకొనెననియు, భక్తుని మాటకై స్వామి నేటికిని అట్లే నిలిచియున్నాడనియు సంప్రదాయము చెప్పుచున్నది. ఈ కథకు పూర్వభాగమొకటి కలదు. దానిని చెప్పువారు తక్కువ.

మహారాష్ట్రమున ప్రచారములోనున్న కథను బట్టి, ఈ పుండరీకుడే తొలుత తల్లిదండ్రులను కష్టపెట్టినవాడు. కాశీయాత్రకు బయలుదేరినపుడు తానును భార్యయు గుఱ్ఱములెక్కి, వృద్ధులైన జననీజనకులను కాలినడకన నడిపించెను. మజిలీలో గుఱ్ఱముల సంరక్షణ కూడ ఆ ముసలివారి పనియే. మార్గమధ్యమున కుక్కుటముని ఆశ్రమమునందు, గంగాది నదీదేవతలు మలినవస్త్రములతో వచ్చి, ఆశ్రమమును ఊడ్చి అలికి, నిర్మలలై మరలిపోవుట చూచి, వారివలన తన దోషమును తెలిసికొనెను.

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి యున్నది. పుండరీకుడు తల్లిదండ్రులను ఇంటినుండి వెడలగొట్టలేదు, కాశికి తీసికొనిపోవుచున్నాడు. దారిలో చూచినవారు అతనిని పుణ్యాత్ముడనియే తలచియుందురు. గుఱ్ఱముపైనున్నవాడు వెనుకకు తిరిగి చూడకపోవుటయే అతని దోషము.

వృద్ధులను హింసించుటయనగా చేయిచేసికొనుట మాత్రమే యని పలువురు తలంతురు. వేళకు అన్నము పెట్టకుండుట, మందులు తెప్పింపకుండుట, వచ్చినవారికి కనబడకుండ వెనుకగదిలో ఉంచుట, పింఛను కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొని పైకము చూపకుండుట, మనుమల యెదుట చులకనగా మాటలాడుట, ఇవన్నియు హింసయే. అరువది యేండ్లు పైబడినవారిలో సుమారు 6గురిలో ఒకరు ఒక్క సంవత్సర కాలములోనే ఇట్టి ఏదో యొక దుష్ప్రవర్తనకు గురియగుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఐక్యరాజ్యసమితి 2011లో జూన్ 15వ తేదీని ఈ విషయమై జనులను మేల్కొలుపు దినముగా గుర్తించినది. అయినను ఇది గడపలోపలి విషయము. తల్లి తన బిడ్డపై ఫిర్యాదు చెప్పుటకు నోరు తెరువదు. కుమారుడు గదిలోనికి రాగానే మాట ఆపివేయు ముసలితల్లి మౌనమును, పెరుగుచున్న కృశత్వమును, రెండు చేతులపైని కమిలిన గుర్తులను ఇరుగుపొరుగువారే కనిపెట్టవలసియున్నది.

ఆస్తికై వృద్ధులను పీడించువారి విషయము వేరు. ఇచ్చట చెప్పవలసినది మంచి కుటుంబములను గురించి. పెద్దలయెడ భక్తి కలిగియుండియు, క్రమముగా కాఠిన్యములోనికి జారిపోవువారిని గురించి.

పెద్ద ఆలయములలో స్వామిని సుప్రభాతముతో మేల్కొలుపుట మొదలు ఏకాంతసేవతో పవళింపజేయువరకు జరుగు ఉపచారములను ఒక్క అర్చకుడే నిర్వహింపడు. అర్చకులకు వంతులు కలవు. తీర్థము తెచ్చువారు వేరు, మాలలు కట్టువారు వేరు, పోటులో ప్రసాదము సిద్ధపరచువారు వేరు. భగవత్కైంకర్యమునకే ఇందరు కావలసియుండగా, మంచమున పడిన అత్తగారి స్నానపానములు, భోజనము, మందులు, శయ్యాశుభ్రత, రాత్రిజాగరణము ఇవన్నియు అనేక గృహములలో ఒక్క కోడలి పాలబడుచున్నవి.

పక్షవాతముచే ఒకప్రక్క చచ్చుపడిన వృద్ధురాలున్న ఇంటిలో ఒక్క దినచర్యను చూచిన చాలును. తనంతట తాను కదలలేని రోగిని పగలనక రాత్రియనక సుమారు రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పవలెను. లేనిచో పిరుదులు, తుంటి, మడమలు ఒత్తిడికి ఎర్రబడి పుండ్లు పడును. ఎర్రబడినచోట మర్దన చేయరాదు, అది చర్మమును మరింత చెరచును. అచ్చట బరువు పడకుండ చూచుటయే చికిత్స. తడిసిన వస్త్రమును వెంటనే మార్చవలెను. ఆహారమును కూర్చుండబెట్టి, చిన్నచెంచాతో, మ్రింగిన పిమ్మటనే మరియొక చెంచా చొప్పున ఇయ్యవలెను. తరువాత అరగంటసేపైనను పడుకొననీయరాదు. మ్రింగునపుడు పదే పదే పొరబోయినచో, ఆహారము ఊపిరితిత్తులలోనికి పోవుచున్నదేమో యని డాక్టరునకు చెప్పవలెను.

శరీరసేవకంటె మనస్సును ఓర్చుట కష్టతరము. మతిమరుపు వ్యాధిలో రోగి అడిగిన ప్రశ్ననే ఇరువదిమారులు అడుగును. తన గాజులను కోడలే దాచినదని కుమార్తెతో చెప్పును. కుమార్తె నమ్మును. ఇది వ్యాధిలక్షణమే గాని వక్రబుద్ధి కాదని ఇంటిల్లిపాదియు తెలిసికొనవలెను. ఒకటి రెండు దినములలోనే హఠాత్తుగా మాట తడబడి, మనుష్యులను పోల్చలేకపోయినచో, అది వయోధర్మమని ఊరకుండరాదు. మూత్రకోశవ్యాధి మొదలు ఔషధదోషము వరకు, మెదడులో రక్తప్రసారము ఆగుట వరకు ఏదైనను దానికి కారణము కావచ్చును. జాగుచేయక వైద్యునికి చూపవలెను.

ఇట్లు నెలలు గడచునప్పటికి సేవచేయు గృహిణికి నిద్ర తునుకలైపోవును. నడుము పట్టును. ఆమె మ్రింగవలసిన రక్తపోటు మాత్ర ఆమెకే గుర్తుండదు. ప్రక్కవీధి కోవెలకు పోయి ఎన్నాళ్లయ్యెనో! అల్పవిషయమునకు కన్నీరు వచ్చును. ఈ బాధ ఎప్పటికి తీరునో యను తలపు ఒకనాడు కలుగును. ఆ తలపునకు ఆమె తానే సిగ్గుపడి, ఎవరికిని చెప్పక లోలోన దాచుకొనును. తుదకు ఒక రాత్రి మూడవమారు పక్క తడిసినపుడు, ఆ ముసలి చేతిని కొంచెము గట్టిగా పట్టి లాగును. వృద్ధుల చర్మము పలుచనిది. తెల్లవారునప్పటికి నాలుగు వ్రేళ్ల గుర్తులు నీలముగా తేలును. వానిని చూచి ముందుగా భయపడునది ఆ కోడలే.

ఆ ఉదయమున ఆమె ఏమి చేయుననుదానిపై ఆ ఇంటి భవిష్యత్తు ఆధారపడియున్నది. ఆ చేతిని చీరచెంగుతో కప్పినచో తరువాతి పట్టు మరింత సులభమగును. నా వలన ఇట్లు జరిగినది, నాకు నిద్ర కావలెనని భర్తతో చెప్పినచో ఇద్దరును రక్షింపబడుదురు. అలసట ఆ దోషమునకు కారణమును తెలుపునే గాని దోషమును మాన్పదు. కాని చెప్పుకొనుటకు వచ్చిన మనిషిని ఇంటివారు దూషించినచో, ఆమె మరల ఎన్నడును చెప్పదు. మరికొందరు, మా కోడలు మహాలక్ష్మి, అన్నియు తానే చూచుకొనునని నలుగురిలో పొగడుదురు. పొగడ్తతో ఒక్క రాత్రి నిద్రయు రాదు.

కావలసినది వంతు. ఊరనున్న రెండవ కుమారుడు వారమునకు రెండు రాత్రులు వచ్చి పరుండవచ్చును. కుమార్తె నెలకొక వారము తల్లియొద్ద నుండవచ్చును. విదేశముననున్నవాడు ఫోనులో సలహాలు చెప్పుటకు మారుగా, రాత్రి ఆయా జీతము భరింపవచ్చును. ఎవరి వంతు ఎప్పుడో కాగితముపై వ్రాసి గోడకు అంటించుట మేలు. నోటిమాటల వంతులు పండుగ దాటువరకే నిలుచును. పురుషులకిది తగని పనియనువారు పండరి కథను మరల తలచుకొందురుగాక. తల్లిదండ్రుల పాదములొత్తుచుండినది కుమారుడు. ఆ సేవను భార్యకు అప్పగించి స్వామికి ఎదురేగలేదు.

వంతులు నిర్ణయించునపుడు పెద్దలను కూడ అడుగవలెను. తనకు స్నానము ఎవరు చేయింపవలెనో చెప్పుకొను హక్కు మంచముననున్నవారికిని కలదు. ఏకాదశీ ఉపవాసము విషయమున మాత్రము భక్తురాలైన అవ్వ మాటకే విడువరాదు. మధుమేహమునకు మాత్రలో ఇన్సులినో వాడువారు భోజనము మానినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా తగ్గవచ్చును. ఎనిమిదేండ్లలోపు వారికిని, ఎనుబది దాటినవారికిని, రోగులకును ఆ నియమము నుండి పెద్దలే మినహాయింపు చెప్పియున్నారు. ఆ మాటను ఆమె గౌరవించు ఆచార్యునిచేతనో పురోహితునిచేతనో చెప్పించినచో ఆమె మనస్సు కుదుటపడును.

ఇంటిలో మాట చెల్లనపుడు చట్టము కలదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమును పార్లమెంటు 2007లో చేసినది. పోషణ లభింపని తల్లిదండ్రులు ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. తెలుగు రాష్ట్రములలో దీనికి అధికారి ఆర్.డి.ఓ. పోషింపవలసిన వృద్ధుని ఎచ్చటనైనను దిగవిడిచి పోవుట మూడు నెలల వరకు జైలుశిక్షకో, 5,000 రూపాయల వరకు జరిమానాకో, లేక రెంటికో తగిన నేరము. తమను పోషింపవలెనను షరతుతో ఆస్తిని వ్రాసియిచ్చిన పెద్దలు, ఆ షరతు నెరవేరనిచో ఆ దస్తావేజును రద్దుపరచుమని ఇదే ట్రిబ్యునలును కోరవచ్చును. కనుక ప్రేమచేత దానపత్రము వ్రాయువారు ఆ షరతును పత్రములోనే స్పష్టముగా వ్రాయించుట మంచిది. వృద్ధుల సహాయమునకై దేశమంతటికి 14567 అను ఫోను నంబరు కలదు. పొరుగువారును దానికి తెలుపవచ్చును.

యాత్రకు బయలుదేరు కుటుంబములకు రెండు ఏర్పాట్లు ముఖ్యములు. మంచముననున్నవారిని ఇంట విడిచిపోవునపుడు, వారియొద్ద ఏ రాత్రి ఎవరుందురో టిక్కెట్లు కొనకముందే నిశ్చయించుకొనవలెను. వెంట తీసికొనిపోవు వృద్ధుని మెడలోనో జేబులోనో పేరు, ఊరు, ఇంటివారి ఫోను నంబరు, వాడుచున్న మందుల పేర్లు వ్రాసిన చీటీ ఉంచవలెను. క్యూలో నడచునపుడు ఆ వృద్ధుని ముందుంచుకొని, అతని అడుగును బట్టి మిగిలినవారు నడువవలెను.