చూడని గ్రహానికి సాక్ష్యమేది?

ఉదయగిరి

చిరంజీవి హారికకు,

ఆత్మకూరు నుంచి నువ్వు రాసిన ఉత్తరంలో ప్రశ్నలు చాలానే ఉన్నాయిగానీ అన్నింటికీ మూలం ఒక్కటే. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల లెక్క 6000 దాటిందంటారు, ఏ కొద్దింటినో తప్ప ఎవరూ టెలిస్కోపులో కూడా చూడలేదంటారు, మరి ఉన్నాయని ఎలా నమ్మడం? నమ్మమని నేను చెప్పనమ్మా. ఎలాంటి సాక్ష్యం నిలుస్తుందో, ఏది నిలవదో తెలిస్తే నీ తీర్పు నువ్వే ఇచ్చుకోవచ్చు. మనకు దగ్గర్లోనే ఇలాంటి వ్యాజ్యం ఒకటి నడిచింది. అది ఓడిపోయింది. అందుకే ముందు దాన్నే చెప్తాను.

మన నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో మద్రాసు నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీ వారి వేధశాల ఉండేది. దాని అధికారి కెప్టెన్ డబ్ల్యూ.ఎస్. జాకబ్ 1855లో, 70 ఒఫియూకి అనే జంట నక్షత్రం లెక్క ప్రకారం నడవడం లేదనీ, కంటికి కనపడని గ్రహమేదో దాన్ని లాగుతూ ఉండొచ్చనీ ప్రకటించాడు. సౌరకుటుంబం బయట గ్రహం ఉందని కొలతలు చూపించి చెప్పిన తొలి మాటల్లో ఇదొకటి. ఆ నక్షత్రాన్ని నువ్వూ చూడొచ్చు. ఆగస్టు మొదట్లో రాత్రి తొమ్మిదింటప్పుడు, మబ్బు లేకపోతే, జ్యేష్ఠకూ శ్రవణానికీ నడుమ కాస్త ఉత్తరంగా, దాదాపు నడినెత్తిన మసగ్గా కనపడుతుంది. ఊరి దీపాలకు దూరంగా పోవాలి. ఆ జంట ఒక చుట్టు తిరగడానికి సుమారు 88 ఏళ్లు పడుతుంది. జాకబ్ నాటికి పూర్తి చుట్టు గమనించినవాళ్లే లేరు. కొలతలన్నీ కంటితో చూసి చేత్తో తీసినవి, పైగా ఒకరివి కావు. 1896లో అమెరికాలో టి.జె.జె. సీ అదే వాదన మళ్లీ ఎత్తుకున్నాడు. అలాంటి మూడో వస్తువు ఆ జంట మధ్య నిలకడగా తిరగలేదని 1899లో మౌల్టన్ అనే శాస్త్రవేత్త గణితంతో తేల్చేశాడు. జాకబ్ తెలివితక్కువవాడేం కాదు. అతని చేతిలో ఉన్నది ఒకే రకం సాక్ష్యం, అదీ కొలతల్లోని పొరపాటు కంటే పెద్దది కాదు.

ఇప్పుడు నిలిచిన వ్యాజ్యం చూడు. ఒప్పులకుప్ప తిరిగేటప్పుడు ఒక పిల్ల బరువుగా, ఒక పిల్ల తేలిగ్గా ఉంటే తేలికపిల్ల పెద్ద చుట్టు, బరువైన పిల్ల చిన్న చుట్టు తిరుగుతారు కదా, నక్షత్రమూ గ్రహమూ అంతే. గ్రహం కనపడకపోయినా నక్షత్రం మనవైపు వస్తూ, వెనక్కి పోతూ ఉంటుంది. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే వర్ణపటంలోని గీతలు ఆ మేరకు అటూ ఇటూ జరుగుతాయి. 1995లో మేయర్, కెలో అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు 51 పెగాసీ నక్షత్రంలో ఈ ఊగిసలాటను 4.2 రోజులకోసారి చూశారు. కొద్ది వారాల్లోనే అమెరికాలో ఇంకో బృందం వేరే పరికరంతో చూసి అవునంది. అయినా 1997లో డేవిడ్ గ్రే అనే శాస్త్రవేత్త అడ్డుపడ్డాడు. నక్షత్రమే పొంగుతూ కుంగుతూ ఉంటే గీతలు అలాగే జరుగుతాయి కదా, గ్రహం ఎందుకు? మంచి ప్రశ్న. అదే నిజమైతే గీతల ఆకారం కూడా మారాలి. మరింత నిశితంగా కొలిస్తే మార్పు కనపడలేదు, మరుసటి ఏడే ఆయన తన అభ్యంతరం వెనక్కి తీసుకున్నాడు.

అయినా నువ్వు పట్టు వదలవని తెలుసు. పది మంది చూసినా చూసింది ఒకే ఊగిసలాట, అందరూ ఒకే తప్పు చేసి ఉండొచ్చంటావు. దానికి జవాబు 1999లో వచ్చింది. హెచ్‌డీ 209458 నక్షత్రం ఊగిసలాటను బట్టి, గ్రహం ఉంటే ఏ గంటలో నక్షత్రం ముందుగా దాటాలో ముందే లెక్కగట్టారు. సరిగ్గా ఆ వేళకే నక్షత్రం వెలుగు నూటికి ఒకటిన్నర వంతు తగ్గింది. ఊగిసలాటకు కావలసింది వర్ణపటం, ఇక్కడ కావలసింది వెలుగు కొలత మాత్రమే. సంబంధం లేని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పారన్నమాట. నా దృష్టిలో ఈ శాస్త్రం తన కాళ్ల మీద నిలబడింది 1995లో కాదు, ఆ రోజున.

ఒక గోళం ఇంకోదాని ముందు నుంచి దాటడం మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా నడిచిపోతుంటే, విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో గోడే జగ్గారావు స్థాపించిన వేధశాల నుంచి ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు చూసి, వివరాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపాడు. ఆనాడు శుక్రుడు కప్పింది సూర్యబింబంలో సుమారు వెయ్యోవంతు. ఎక్కడో దూరాన ఒక నక్షత్రం నుంచి ఎవరైనా మనల్ని చూస్తే, భూమి కప్పేది సుమారు పన్నెండువేలవ వంతు, అదీ ఏడాదికోసారి పదమూడు గంటలే. భూమి దారి వాళ్ల చూపుకు అడ్డంగా పడే అవకాశం రెండొందలకు ఒకటి. భూమిలాంటివి ఇంకా ఎందుకు దొరకలేదని అడిగావే, జవాబు ఇందులోనే ఉంది. దొరికినవాటిలో నక్షత్రాన్ని అంటిపెట్టుకుని తిరిగే పెద్ద గ్రహాలు ఎక్కువంటే, అవి తేలిగ్గా దొరికేవి కావడం వల్లే. లోకంలో అవే ఎక్కువని అనుకోకు.

దాటినప్పుడు తగ్గిన వెలుగు గ్రహం సైజు చెప్తుంది, ఊగిసలాట దాని బరువు చెప్తుంది. 2018లో అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వాళ్లు చేసింది ఇదే. కెప్లర్ టెలిస్కోపు వెలుగు తగ్గడాన్ని పట్టిన ఒక నక్షత్రాన్ని మౌంట్ అబూ మీది 1.2 మీటర్ల టెలిస్కోపుతో కొలిచి, దాని గ్రహం సుమారు 27 భూముల బరువని తేల్చారు. నేరుగా చూసినవీ లేకపోలేదు. హెచ్‌ఆర్ 8799 నక్షత్రం చుట్టూ మూడు గ్రహాలను 2008లో, నాలుగోదాన్ని 2010లో ఫొటో తీశారు. ఏళ్ల తరబడి తీస్తే అవి కదులుతున్నాయి కూడా.

ఇక ఇలాంటి గ్రహాల మీద జీవం ఉందా అన్నావు. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జిలో నిక్కు మధుసూదన్ బృందం, 124 కాంతి సంవత్సరాల దూరంలోని కే2-18బీ గ్రహపు గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ ఆనవాలు కనపడిందని చెప్పింది. మన సముద్రాల్లో ఆ వాయువును వదిలేది ముఖ్యంగా సూక్ష్మజీవులు. పేపర్లు జీవం దొరికిందని రాసేశాయి. జాకబ్ వాదనను తూచినట్టే దీన్నీ ప్రశ్నలతో తూచు. సంకేతం కొలతల్లోని పొరపాటును దాటిందా? ఏదో కొంత. వేరే బృందాలు అవే కొలతలను మరోలా లెక్కగడితే ఆనవాలు తేలిపోయింది. జీవం లేకుండా ఆ వాయువు పుట్టదా? ఒక తోకచుక్కలో దొరికింది, అక్కడ జీవం లేదు. వెబ్ టెలిస్కోపుతో ఇంకో 16 నుంచి 24 గంటలు చూస్తే ఆనవాలు నిజమో కాదో తేలొచ్చని ఆ బృందమే చెప్పింది. అప్పటిదాకా ఎవరైనా అడిగితే ఇంకా తేలలేదని చెప్పు.

ఆశీస్సులతో,
తాతయ్య