మంటికుండలోని పత్రము

పాఠ్యభాగములు: యిర్మీయా 32:6–15, యిర్మీయా 36:20–32, లూకా 17:31



ఈ నెల పాఠమునకు మేము ఎన్నుకొనిన వాక్యభాగములో సముద్రము పాయలగుట లేదు, మృతులు లేచుట లేదు. ఒక పొలము, ఒక క్రయపత్రము, ఒక మంటికుండ మాత్రమే యున్నవి. అయినను ఓరుగల్లు ప్రాంతపు పల్లెలలో కాపురముండు మన కుటుంబములకు ఇది మిక్కిలి అవసరమైన పాఠము.

మనము చూచిన దినము

2023 జూలై 27వ తేదీని మనము మరువలేము. ఆ ఉదయము 8:30 గంటలతో ముగిసిన ఒక్క దినములో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షము కురిసెను. తెలంగాణలో అదివరకెన్నడును ఒక్క దినమున అంత వర్షము నమోదు కాలేదు. మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని ముంచెను. జనులు ఇండ్ల మీదికిని చెట్ల మీదికిని ఎక్కి, రక్షకదళములు వచ్చువరకు ప్రాణములు అరచేత పట్టుకొని యుండిరి. ఏటూరునాగారము దగ్గర కొండాయి గ్రామమును జంపన్నవాగు ముంచెను. రెండు చోట్లను ప్రాణనష్టము జరిగెను. మరుసటి యేడు, అనగా 2024 సెప్టెంబరు మొదటి దినమున, మహబూబాబాదు, ఖమ్మము జిల్లాలలో మరల వరదలు వచ్చెను.

నీరు తీసిన తరువాత ఇంటికి వచ్చినవాడు మొదట పశువులను, ధాన్యమును చూచుకొనును. సహాయము కొరకు వ్రాయించుకొనబోయినప్పుడు ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకము అడుగుదురు. మంచము క్రింద పెట్టె అప్పుడు జ్ఞాపకము వచ్చును. తెరచి చూడగా పట్టాయు, బిడ్డ పదవ తరగతి మెమోయు ఒకే ముద్దయై యుండును.

1. యిర్మీయా ఎందుకు దాచెను?

బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడి వేసియున్నది. ప్రవక్త చెరసాల ఆవరణములో బంధింపబడియున్నాడు. అట్టి సమయమున అతడు తన పినతండ్రి కుమారుడైన హనమేలు యొద్ద అనాతోతులోని పొలమును పదునేడు తులముల వెండికి కొనెను. పత్రము వ్రాసి ముద్ర వేసి, సాక్షులను పెట్టి, బారూకు చేతికిచ్చి, అది బహుదినములు నిలుచునట్లు మంటికుండలో ఉంచుమనెను.

“దేవుడు కాపాడును గదా, కాగితముల చింత మనకేల?” అని కొందరు భక్తిపరులు అనుట మేము వినియున్నాము. యిర్మీయాకు విశ్వాసము తక్కువా? ఈ దేశములో మరల ఇండ్లును పొలములును కొనబడునని దేవుడు చెప్పిన మాటను అతడు నమ్మెను గనుకనే పత్రమును దాచెను. నమ్మనివాడు పారవేసియుండును. రేపటి దినమును గూర్చి చింతించుట వేరు, రేపటి కొరకు సిద్ధపడుట వేరు.

2. రెండు ప్రతులు, తెలిసిన సాక్షులు

అచ్చట ముద్ర వేసిన పత్రమొకటి, ముద్ర వేయనిది మరియొకటి ఉండెను. వ్యవహారము సాక్షుల యెదుటను, ఆవరణములో కూర్చున్న యూదులందరి యెదుటను జరిగెను. మన యిండ్లలోనో, ఒకే ప్రతి, దాని చోటు ఎరిగినది ఇంటి యజమాని ఒక్కడే. ఆయన హఠాత్తుగా ప్రభువునందు నిద్రించినయెడల, ఏ బ్యాంకులో ఖాతా ఉన్నదో, బీమాకు నామినీగా ఎవరి పేరు వ్రాయించెనో ఆ తల్లికి తెలియదు. తండ్రులారా, ఈ వారమే మీ భార్యను, పెద్ద బిడ్డను కూర్చుండబెట్టి అన్నియు చూపించుడి. విధవరాలికి కన్నీటితోపాటు ఆఫీసుల చుట్టు తిరుగుటను కూడ మిగుల్చవద్దు.

3. కాలిన గ్రంథము

యెహోయాకీము రాజు యిర్మీయా గ్రంథమును చాకుతో కోసి నిప్పులలో వేసెను. ప్రవక్త కూర్చుండి యేడ్వలేదు. మరియొక గ్రంథము తీసికొని బారూకుచేత మరల వ్రాయించెను. పత్రము పోయినవారును ధైర్యము చెడవద్దు. రిజిస్టరైన దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దొరకును. పదవ తరగతి మెమో కొరకు చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయుని చూడవలెను. ఆధార్ విషయమై 1947 నంబరుకు ఫోను చేయవచ్చును. అయితే వీటన్నిటికి నంబర్లు కావలెను. గనుక దస్తావేజు నంబరు, సంవత్సరము, సర్వే నంబరు, ఖాతా నంబరు, మెమో హాల్ టికెట్టు నంబరు ఒక కాగితము మీద వ్రాసి, వేరే ఊరిలోనున్న నమ్మకమైన బంధువు యొద్ద ఉంచుడి.

4. మిద్దె మీద నున్నవాడు

మిద్దె మీద నున్నవాడు ఇంటిలోని సామగ్రి కొరకు దిగరాదని ప్రభువు చెప్పెను. ఆయన తన రాకడ దినమును గూర్చి చెప్పినను, వరద దినమునకును ఆ మాట సరిపోవును. నీరు గడప దాటిన తరువాత పెట్టె కొరకు వెనుకకు పోవద్దు. పత్రము మరల వచ్చును, ప్రాణము రాదు. ముందుగా సిద్ధపరచుట ఎందుకనగా, ఆ ఘడియలో వెనుకకు తిరుగవలసిన అవసరమే లేకుండుటకు.

ఇంటిలో చేయవలసినది

మంటికుండకు బదులు నేడు దళసరి ప్లాస్టిక్ కవరు చాలును. పత్రములను ఒక కవరులో పెట్టి, దానిని మరియొక కవరులో మూతి క్రిందికి ఉండునట్లు పెట్టి, భుజమునకు తగిలించుకొను సంచిలో ఉంచి, అటక మీద గాని తలుపు దగ్గర ఎత్తైన మేకునకు గాని పెట్టుడి. ఆధార్, రేషన్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకము, ఇంటి పట్టా, బ్యాంకు పుస్తకము, జనన, కుల ధ్రువపత్రములు, మెమోలు, బాప్తిస్మ వివాహ పత్రములు, ఆసుపత్రి చీటీలు అందులో ఉండవలెను. దస్తావేజులను లామినేషన్ చేయించవద్దు. ముద్రలు పరీక్షించుట కష్టమగును. ఫోటోలు తీసి ఫోనులో ఉంచుట మంచిదే గాని, ఫోనును తడియును. తడిసిన కాగితములను బలవంతముగా విడదీయక నీడలో, గాలికి ఆరబెట్టుడి.

ఆ సంచితోనే టార్చిలైటు, వారము దినములకు సరిపడు బీపీ, షుగరు మాత్రలు, అటుకులు, కొంత రొక్కము ఉంచుడి. ఆపదలో 112కు, అంబులెన్సుకు 108కి ఫోను చేయవలెనని పిల్లలకును నేర్పుడి. ప్రతి యేట మృగశిర కార్తెకు ముందు, విత్తనములు చూచుకొనునప్పుడే, ఈ సంచిని కూడ విప్పి చూచుకొనుడి.

సంఘ పెద్దలకు ఒక మాట. బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు మందిరపు బీరువా క్రింది అరలో ఉన్నయెడల నేడే పై అరకు మార్చుడి. మన తాతల పేర్లు అందులోనున్నవి. ఒంటరిగానున్న వృద్ధుల, చదువురాని తల్లుల పత్రములు సరిచూచుటకు యౌవనస్థులను పంపుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. యిర్మీయా పొలము కొనుట అతని నిరీక్షణను ఎట్లు చూపుచున్నది?
2. ఈ రాత్రి వాగు పొంగినయెడల మన యింట ఎవరు ఎవరిని పట్టుకొని, ఏ త్రోవను ఎత్తైన చోటికి పోవలెను?
3. మన సంఘములో ఎవరి పత్రములకు మనము బారూకు వలె కావలియుండవలెను?

ప్రార్థన: ప్రభువా, నీవిచ్చిన యింటిని, పొలమును నమ్మకముగా కాచుకొను బుద్ధి మాకిమ్ము. అవి పోయినను నిన్ను విడువని విశ్వాసము మాకిమ్ము. వరదలో తమవారిని కోల్పోయిన కుటుంబములను ఆదరించుము. ఆమేన్.