గుమ్మములో అబ్షాలోము, దారిలో అహిమయస్సు

పాఠము: 2 సమూయేలు 15 మొదలు 18 అధ్యాయములు

పాఠమునకు ముందు ఈ నాలుగు అధ్యాయములను ఇంటిలో ఒకసారి బిగ్గరగా చదువుకొనుడి. చదువురాని పెద్దలకు పిల్లలు చదివి వినిపింపవలెను. ఓట్ల రాజకీయమువంటిది, దూరము పరుగెత్తువారు, కుక్క అను మాట, మూడును ఈ అధ్యాయములలోనే ఉన్నవి. మా యింట 2021 ఫిబ్రవరిలో ఈ మూడును ఒక్క పక్షములోనే కలిసి వచ్చినవి గనుక ఆ సంగతియు చెప్పెదను. అందులో తప్పు నాది.

మొదట అబ్షాలోమును చూడుడి. రథము, గుఱ్ఱములు, ముందు పరుగెత్తుటకు ఏబదిమంది జనము. ఇది అతని ఊరేగింపు. తెల్లవారగనే గుమ్మపు దారిలో నిలుచుండును. వ్యాజ్యెముతో వచ్చినవానిని ఏ ఊరని పలుకరించును. నీ పక్షమున న్యాయమున్నది గాని వినుటకు రాజు మనిషిని పెట్టలేదే అని జాలిపడును. నమస్కారము చేయబోయినవాని చేయిపట్టి లేపి ముద్దుపెట్టుకొనును. నామినేషనుల నాటినుండి మన పాలెములో చూచునది ఇదే గదా! నాలుగేండ్లు మన వీధి మలుపు తిరుగనివాడు ఆ వారము చంటిపిల్లల నెత్తుకొని ముక్కు సహితము తుడుచును.

అయితే అబ్షాలోము ఎత్తిన మాటలో నిజము లేకపోలేదేమో. దావీదు ఆ గుమ్మములో ఎందుకు కూర్చుండలేదో మనమడుగవలసినదే. చేతిపంపు చెడి ఆరు నెలలైనప్పుడు వచ్చి విన్నవానికి ఓటు వేయుట పాపము కాదు. చెడుగు ఎక్కడనగా, ఆ వినుట న్యాయము తీర్చుటకు గాక మనసులు దొంగిలించుటకు జరిగెను. 15:11 చూడుడి. యెరూషలేమునుండి ఇన్నూరు మంది సంగతి ఏమియు తెలియకయే అతని వెంట పోయిరి. వారు దుష్టులని గ్రంథము చెప్పదు. పిలిచిరి, పోయిరి.

ఇక సీబా. 16వ అధ్యాయము మొదటి నాలుగు వచనములు. దావీదు ప్రాణభయముతో కొండ దిగుచుండగా సీబా గాడిదల మీద ఇన్నూరు రొట్టెలు, ఎండు ద్రాక్షలు, పండ్లు, ద్రాక్షారసపు తిత్తి తెచ్చెను. తెచ్చి, నీ మెఫీబోషెతు పట్టణములోనే ఉండి రాజ్యము తన చేతికి వచ్చునని కాచుకొని యున్నాడని చెప్పెను. దావీదు ఒక్క ప్రశ్నయైన అడిగెనా? అక్కడికక్కడే మెఫీబోషెతు ఆస్తియంతయు సీబాకు వ్రాసియిచ్చెను. అలసినవానికి రొట్టె తెచ్చినవాని మాట తీపిగానుండును. సెమినరీలో ఈ భాగమును నేను చదివి పరీక్ష వ్రాసితిని, మార్కులును వచ్చెను. అర్థమైనది మాత్రము నలువదేండ్లు దాటిన తరువాతనే.

ఆ ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీలకు 9, 13, 17, 21 తేదీలలో నాలుగు విడతల పోలింగు జరిగెను. మాది మూడవ విడత. సర్పంచి ఎన్నికకు పార్టీల గుర్తులుండవు. అయినను ఏ గుర్తు వెనుక ఏ పార్టీ ఉన్నదో బడిపిల్లవాడు సహా చెప్పును. మా సంఘము రెండుగా చీలెను. స్త్రీల కూటములో సయితము ఒక చాప వారు ఇంకొక చాప మీద కూర్చుండుట మానిరి. నన్ను ప్రసంగపీఠమునుండి ఒక పేరు పలుకుమని ఇరుప్రక్కలవారును అడిగిరి. పలుకలేదు. అంతమాత్రమునకే నేను నిష్పక్షపాతినని అతిశయపడితిని.

మా యింట టైగరు అను నల్లకుక్క ఉండెడిది. సంఘములోని ఒక పిల్లవాడు ప్రతి తెల్లవారుజామున కాలువగట్టు మీద ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తెడివాడు. టైగరు వాని వెంట పోయెడిది. పోలీసు కానిస్టేబులు పరీక్షలో పరుగు 1600 మీటర్లే గదా, ఇంత దూరమెందుకురా అని ఒకసారి అడిగితిని. "దూరం అలవాటైతే ఆఖరి చుట్టులో ఊపిరి మిగులుద్ది అయ్యగారూ" అనెను. వాడు వట్టి కాళ్లతో పరుగెత్తుట చూచి, 1960లో రోము ఒలింపిక్సులో ఇథియోపియా దేశస్థుడైన అబేబే బికిలా చెప్పులు లేకయే 42 కిలోమీటర్లకు పైబడిన మారథాను గెలిచిన సంగతి చెప్పితిని. మరునాటినుండి వాడు మరింత హుషారు.

వాని తండ్రి ఒక పక్షమునకు ముఖ్యుడు. రెండవ పక్షపు పెద్ద ఒకరు మా సంఘములో నాకు బహు కావలసినవారు. 13వ తేదీ శనివారము రాత్రి ఆయన అరటిపండ్ల అత్తముతో వచ్చెను. అప్పటికి టైగరు రెండు దినములుగా ముద్ద ముట్టలేదు. ఆ సాయంకాలము ముక్కునుండి నెత్తురు కారెను. ఆయన దానిని చూచి, గొంతు తగ్గించి, "మీరు పేరు పలకలేదని వాళ్లకు కోపం అయ్యగారూ. మాంసంలో మందు కలిపి పెట్టారు. ఎవరో నేను చెప్పాలా?" అనెను. నేనేమియు అడుగలేదు. పండ్లు పుచ్చుకొంటిని.

మరునాడు ఆరాధనలో, నోరులేని జీవికి విషము పెట్టు చేతులను దేవుడు క్షమించునుగాక అని ప్రార్థించితిని. పేరు చెప్పలేదు. చెప్పనవసరము లేకపోయెను; తలలన్నియు ఒక బల్ల వైపు తిరిగెను. ఆ కుటుంబము దీవెన వాక్యమునకు ముందే లేచి వెళ్లెను.

సోమవారము కుక్కను రిక్షా బండిలో వేసికొని మండలములోని పశువుల ఆసుపత్రికి పోతిని. డాక్టరుగారు చిగుళ్లు చూచిరి, తెల్లగా పాలిపోయినవి. జ్వరము చూచిరి. చెవి తిరుగవేసి లోపలినుండి ఆముదపు గింజంత పిడుదును పీకి నా ముందర పెట్టిరి. "విషం పెట్టింది వీడేనండీ" అనిరి. పిడుదులు కుట్టినప్పుడు ఒక సూక్ష్మజీవి కుక్క నెత్తురులో చేరును. జ్వరము, నీరసము, తిండి మానుట. నెత్తురు గడ్డకట్టించు కణములు తగ్గిపోయిన యెడల ముక్కునుండి రక్తము. గురువారము వచ్చిన రక్తపరీక్షయు అదే చెప్పెను. డాక్సీసైక్లిన్ అను మందు 28 దినములు, ఒక్క పూటయు తప్పరాదు. మధ్యలో లేచి తిరిగినను మానరాదు. పరుగు అసలే వద్దు. మనుష్యుల జ్వరపు బిళ్లలు, నొప్పి బిళ్లలు వేయవద్దని గట్టిగా చెప్పిరి. అవి కుక్క కాలేయమును, మూత్రపిండములను చెరుపగలవు. నెత్తురు త్రాగిన ఆడ పిడుదు కుక్కను వదలి గోడ పగుళ్లలో దూరి వేలకొలది గుడ్లు పెట్టును గనుక కుక్కకు మాత్రమే మందు వేసిన చాలదు, పగుళ్లు పూడ్చవలెను. మీ యిండ్లలో కుక్కలున్నవారు ఈ మాట గుర్తుంచుకొనుడి. ఈ పాఠములో ఇదియు ఒక ఉపయోగము.

అటునుండి అటే ఆ పిల్లవాని ఇంటికి పోతిని. తండ్రి అరుగు మీద కూర్చుండి నన్ను చూచి లోపలికి పోయెను. పిల్లవాడు వచ్చి నిలుచుండెను. విషము కాదురా, పిడుదుల జ్వరమట అని చెప్పితిని. వాడు నేల చూచుచు, "వారం కిందటే చెప్పాను గదండీ, టైగరు వంతెన కాడే కూలబడిపోతోందని. మీరు ఓటర్ల లిస్టు చూస్తా ఊఁ అన్నారు" అనెను.

నిజమే, అనెను. నేనే వినలేదు.

18వ అధ్యాయము 19 మొదలు 32 వచనములు చదువునప్పుడు నాకు ఆ మాటయే వినబడును. అబ్షాలోము చచ్చెను. ఈ వార్త నీవు మోయవలసినది కాదని యోవాబు వారించినను అహిమయస్సు ఊరకుండలేదు. ముందు బయలుదేరినవాడు కూషీయుడు. కూషు ఐగుప్తునకు దక్షిణమున నేటి సూడాను ప్రాంతము. అహిమయస్సు మైదానపు దారిని పట్టి అతనిని దాటిపోయెను. యుద్ధము అడవిలో జరిగెను గనుక చదునైన దారి చుట్టైనను కాళ్లకు మేలైయుండునని నా తలంపు. ఆ పిల్లవాడును అదే అనెను. కావలివాడు దూరమునుండియే పరుగు తీరుచూచి మనిషిని గుర్తుపట్టెను. తీరా వచ్చి, బాలుడు క్షేమమా అని తండ్రి అడుగగా, ఏదో పెద్ద గొడవ చూచితిని, ఏమో తెలియదనెను. యోవాబు వానికి చెప్పనే చెప్పెను. తెలిసియు మ్రింగెను. నిజము వెనుక వచ్చిన పరదేశి నోట వచ్చెను. మా యింటనైతే నిజమే ముందు వచ్చెను, కావలివాడు నిద్రపోయెను.

17వ తేదీ ఉదయము ఆరున్నరకు పోలింగు మొదలై మధ్యాహ్నము మూడున్నరకు ముగిసెను. నాలుగు గంటలనుండి లెక్కింపు. ఎవరు గెలిచిరో ఈ పాఠమునకు అక్కరలేదు. 21వ తేదీ ఆదివారము, ఏ చోటనుండి ఆ ప్రార్థన చేసితినో ఆ చోటనే నిలిచి, గత వారము నేను అబద్ధసాక్ష్యము పలికితినని, ఎవరిమీద పలికితినో మీకందరికి తెలియునని చెప్పితిని. అరటిపండ్ల పెద్ద పేరు చెప్పలేదు. నమ్మినవాడను నేను. తల్లియు పిల్లవాడును వచ్చిరి. తండ్రి ఈస్టరువరకు రాలేదు. వచ్చినప్పుడు వెనుక బల్ల మీద కూర్చుండెను. నేటికిని అక్కడే కూర్చుండును.

16:9లో అబీషై షిమీని చచ్చిన కుక్కయని తిట్టి తల తీసెదననును, దావీదు ఆపెను. ఎన్నికల దినములలో మన వీధిలో ఆ తిట్టు ఎన్నిసార్లు వినబడెనో లెక్కపెట్టుకొనుడి. తొమ్మిదవ అధ్యాయములో అదే మాట తన్ను గూర్చి తానే చెప్పుకొన్నవాడు మెఫీబోషెతు. ఏ కుంటివానిమీద సీబా కొండెము చెప్పెనో వాడే.

మార్చి నెలాఖరున ఒక తెల్లవారుజామున, మాకు ఏమియు వినబడకమునుపే టైగరు పడుకొన్నచోటనే తోకతో నేల కొట్టెను. కొంతసేపటికి గట్టు వైపునుండి అడుగులు వినబడెను. పిల్లవాడు గేటువద్ద నిలిచి, "వంతెనదాకా నడిపించి తెస్తానండీ, పరుగెత్తను" అనెను. కుక్క తరువాత మూడేండ్లు బ్రతికెను.

వచ్చే నెల పాఠము 19వ అధ్యాయము. 24 మొదలు 30 వచనములు చదివి, మెఫీబోషెతు వచ్చి నిలిచినప్పుడు దావీదు పొలమును ఇద్దరికి పంచుమనుట చాలునో చాలదో కుటుంబ ప్రార్థనలో మాటలాడుకొని రండి.